కొండదారి రేసుకు షూస్ ఎంపిక: కొలతలు, విఫలమైనవి, మార్చినవి

లక్ష్యం హిమాచల్ కొండల్లో వరసగా కొన్ని రోజులు సాగే ఎంటీబీ (మౌంటెన్ బైక్, అంటే కొండదారుల సైకిల్) రేసు. సిమ్లా కేంద్రంగా 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ ఈ తరహా రేసుల్లో మన దేశంలో పాతది. ఇలాంటి రేసులో రోజుకు ఐదారు గంటలు పెడల్ మీదే ఉండాలి. మధ్యలో వాగులు దాటాలి. తొక్కలేని చోట దిగి సైకిల్ తోసుకుంటూ ఎక్కాలి. ఇది మన దగ్గరి సంగతే కాదు. కొలరాడోలో 1994 నుంచి జరుగుతున్న లెడ్‌విల్ 100 సైకిల్ రేసులో కొలంబైన్ గని వైపు ఎక్కేటప్పుడు, మూడున్నర వేల మీటర్ల ఎత్తు దాటాక, చాలామంది వరసగా సైకిళ్లు తోస్తూ నడుస్తారు. దుకాణంలో మాత్రం ఎవరూ నడక గురించి అడగరు. బరువెంత, సోల్ ఎంత గట్టిది అనే రెండు మాటలతోనే బేరం అయిపోతుంది.

నా సాధన అంతా వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో. అక్కడ మొరం ఉంది, రాతి పలకలున్నాయి, కింద రేగడి ఉంది. కింద రాసినవన్నీ ఆ దారుల్లో తేలినవి. మీ పాదం వేరు కాబట్టి నా షూ కొనకండి, నా కొలిచే పద్ధతి తీసుకోండి.

దశ 1: ముందు పాదం కొలత

పరికరాలు: ఏ4 కాగితం, నిటారుగా పట్టుకునే పెన్సిల్, దర్జీ టేపు, గ్రాముల్లో చూపించే డిజిటల్ త్రాసు.

1. గోడకు మడమ ఆనించి నిలబడాలి. కూర్చుని కొలిస్తే పాదం మీద బరువు పడదు, కొలత తక్కువ వస్తుంది.
2. పొడవైన వేలి కొసను గుర్తు పెట్టాలి. అందరికీ అది బొటనవేలే అవ్వదు.
3. వేళ్ల మొదళ్లలో కణుపులున్న చోట, అంటే పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట, టేపు చుట్టి చుట్టుకొలత తీయాలి.
4. ఇదంతా ఉదయం ఒకసారి, పొడవైన రైడ్ ముగిసి షూ విప్పిన పది నిమిషాల్లోపు ఇంకోసారి చేయాలి.

నాలుగో అంకె చాలామంది వదిలేస్తారు. నాకు అసలు సంగతి అక్కడే దొరికింది.

ఉదయం: కుడి పొడవు 262 మి.మీ., ఎడమ 265. చుట్టుకొలత కుడి 249, ఎడమ 252.
ఏప్రిల్ ఎండలో ఐదు గంటల రైడ్ తర్వాత: పొడవు 265, 269. చుట్టుకొలత 256, 260.

పొడవు 3-4 మి.మీ. పెరిగింది. చుట్టుకొలత మాత్రం 7-8 పెరిగింది. యూరోపియన్ సైజుల్లో ఒక అంకెకు తేడా సుమారు 6.7 మి.మీ. షిమానో పట్టికలో 42 అంటే 265 మి.మీ., 43 అంటే 272. వాపుకు సరిపోవాలని 43కు వెళ్తే వేళ్ల ముందు ఖాళీ వస్తుంది కానీ మడమ వదులైపోతుంది. అంటే నాకు కావలసింది పెద్ద సైజు కాదు, అదే సైజులో వెడల్పు. చెప్పులేసుకుని, ఒట్టి కాళ్లతో తిరిగి పెరిగిన వాళ్లలో ముందు పాదం విచ్చుకుని ఉండేవాళ్లు ఎక్కువ. మన రైడర్లు ముందు ఈ కొలతే చూసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఇప్పటికి ఖర్చు: టేపు 40, త్రాసు 450. మొత్తం 490 రూపాయలు.

దశ 2: మొదటి జత, కార్బన్ సోల్

సైజు 42, మామూలు వెడల్పు, పూర్తి కార్బన్ సోల్, రెండు డయళ్లు (తిప్పితే తీగ లాగి షూను బిగించేవి). క్లీట్ (పెడల్‌లో ఇరుక్కునేలా సోల్ కింద బోల్టులతో బిగించే లోహపు ముక్క) లేకుండా ఎడమ షూ 322 గ్రాములు. క్లీట్, బోల్టులు కలిపితే 347.

మొదటి రెండు గంటలు దీనికి వంక పెట్టడానికి లేదు. మూడో గంటలో రెండు రకాల బాధ మొదలైంది. ఒకటి, ఎడమ కాలి చివరి రెండు వేళ్లలో తిమ్మిరి. రెండు, రెండు పాదాల్లోనూ వేళ్ల కణుపుల కింద మంట. డయల్ నాలుగు క్లిక్కులు వదిలితే తిమ్మిరి కాసేపు తగ్గుతుంది. అప్పుడు మడమ లేవడం మొదలవుతుంది. మళ్లీ బిగిస్తే మళ్లీ తిమ్మిరి.

ఎందుకంటే వేళ్లకు వెళ్లే నరాలు ఆ కణుపుల ఎముకల మధ్య సందుల్లోంచి పోతాయి. పాదం వాచినప్పుడు షూ పక్కలు సాగకపోతే ఎముకలు దగ్గరకు నొక్కుకుంటాయి, మధ్యలో నరం నలుగుతుంది. ఇది షూ వాడగా వాడగా సర్దుకునే సంగతి కాదు. తోలు సాగుతుందేమో గానీ ఇప్పటి సింథటిక్ పైభాగం పెద్దగా సాగదు.

ఇక నడక. అనంతగిరిలో నేను ఎంచుకున్న 350 మీటర్ల ముక్క ఒకటుంది. మొదట మొరం, తర్వాత వాన కడిగిన రాతి పలకలు, చివర మెట్లలాంటి రాళ్లు. సైకిల్ తోస్తూ ఫోన్ స్టాప్‌వాచ్‌తో 7 నిమిషాల 10 సెకన్లు పట్టింది. రెండు కారణాలు కనిపించాయి.

క్లీట్‌కూ మడమకూ మధ్య పాదం వంపు కింద ఈ షూకు రబ్బరు లేదు, కార్బన్ బయటకే ఉంది. రాతి అంచు మీద కాలు పెట్టినప్పుడు బరువు పడేది సరిగ్గా అక్కడే. జారుతుంది. మొరం గులకరాళ్లు కాలి కింద శనగల్లా దొర్లుతుంటే ఈ జారుడు ఇంకా ఎక్కువ. రెండోది, వేళ్ల దగ్గర సోల్ అసలు వంగదు. నడకలో పాదం వంగి, షూ వంగకపోతే మడమ పైకి లేచి వస్తుంది. పక్కనుంచి వీడియో తీయించి సాక్సు మీద గీసిన గీతతో చూస్తే మడమ 14 మి.మీ. లేస్తోంది. పైకి చేరేసరికి కుడి మడమ మీద బొబ్బ.

ఇప్పటికి ఖర్చు: 490 + 11,800 = 12,290.

దశ 3: షూ మార్చే ముందు క్లీట్

షూ, క్లీట్ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకే అదే ఇరుకు షూలో ముందు క్లీట్ జరిపాను.

ఈ రెండు బోల్టుల క్లీట్ పద్ధతిని షిమానో 1990లో ఎస్‌పీడీ పేరుతో తెచ్చింది. రోడ్డు సైకిళ్ల క్లీట్ సోల్ కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఇది మాత్రం రబ్బరు మధ్య గుంటలో కూర్చుంటుంది. దిగి నడవాలనే ఆలోచన ఆ డిజైన్‌లో మొదటినుంచీ ఉంది.

1. షూ వేసుకుని, బొటనవేలి కణుపు, చిటికెన వేలి కణుపు ఎక్కడున్నాయో పైనుంచి వేలితో తడిమి పట్టుకోవాలి. రెండు చోట్లా చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టాలి.
2. షూ తిప్పి, ఆ రెండు గుర్తులనూ కలుపుతూ సోల్ మీద గీత గీయాలి. క్లీట్ మధ్యభాగం ఆ గీత మీద ఉంటే అది మొదటి అమరిక.
3. బోల్టు మరలకు గ్రీజు రాయాలి. వాగులు దాటాక తుప్పు పట్టి ఊడకపోతే రోజు పోతుంది.
4. 4 మి.మీ. అలెన్ కీతో రెండు బోల్టులూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. చివరి బిగువు 5-6 న్యూటన్ మీటర్లు. నా దగ్గర టార్క్ రెంచ్ లేదు, స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నాను.
5. క్లీట్ చుట్టూ మార్కర్‌తో గీత. జరిగిందో లేదో చూడగానే తెలుస్తుంది.

తర్వాత క్లీట్‌ను మడమవైపు 7 మి.మీ. వెనక్కి జరిపాను. అలా జరిపితే కాలు పెడల్‌కు ముందుకు వస్తుంది, మోకాలు కొంచెం ఎక్కువ చాచాల్సి వస్తుంది. అందుకని సీటు 3 మి.మీ. దించాను.

ఫలితం స్పష్టంగా వచ్చింది. కణుపుల కింద మంట మూడో గంట నుంచి నాలుగున్నర గంటలకు జరిగింది. తిమ్మిరి ఒక్క నిమిషం కూడా కదల్లేదు. అంటే మంటకు కారణం క్లీట్, తిమ్మిరికి కారణం వెడల్పు. ఈ రెండింటినీ కలిపి 'షూ నొప్పి' అనుకున్నంతకాలం ఎన్ని జతలు మార్చినా తేలదు. పిక్కలు కూడా తేలికపడ్డాయి. నిలబడి ఒక్కసారిగా వేగం అందుకోవడంలో కొంచెం చురుకు తగ్గిన మాట నిజం, కానీ పొడవైన రేసులో అది నాకు అవసరం లేదు.

క్లీట్ రకం: షిమానో క్లీట్లలో ఎస్‌హెచ్51 పక్కకు తిప్పితేనే ఊడుతుంది. ఎస్‌హెచ్56 పైకి లాగినా, వేరే దిక్కుల్లో తిప్పినా ఊడుతుంది. కొత్తగా క్లిప్ అయ్యేవాళ్లకు 56 ధైర్యం ఇస్తుంది. నిటారు ఎక్కుడులో పెడల్ పైకి లాగే అలవాటున్న నాకు 51 నయం. పెడల్‌లో క్లీట్‌ను పట్టుకునే స్ప్రింగ్ టెన్షన్ బాగా తగ్గించి పెట్టుకున్నాను.

ఇప్పటికి ఖర్చు: కొత్త క్లీట్లు 1,150. మొత్తం 13,440.

దశ 4: రెండో జత, వెడల్పుది

మొదటి జతను ఇరుకు పాదమున్న స్నేహితుడికి 7,000కు ఇచ్చాను. అతనికి చక్కగా సరిపోయింది. మిగిలిన ఖర్చు 6,440.

ఈసారి దుకాణంలో చేసిన పరీక్ష ఇది. కొనకముందు మీరూ చేయండి.

1. సాయంత్రం వెళ్లాలి, రేసులో వేసుకునే సాక్సులతో.
2. షూలోని ఇన్‌సోల్ బయటకు తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడాలి. పాదం అంచు దాటి బయటకు వస్తే ఆ షూ అక్కడే వదిలేయాలి. మొదటి జత ఇన్‌సోల్ మీద నా చిటికెన వేలు వైపు 5 మి.మీ. బయటకు వచ్చింది. దీని మీద దాదాపు సమానం.
3. షూ వేసుకుని మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి. షూ లోపల మడమ జారి పైకి లేవకూడదు.
4. పాదం వంపు భాగాన్ని మెట్టు అంచున పెట్టి బరువు వేయాలి. అక్కడ రబ్బరు లేకపోతే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఎంచుకున్నది 42 వైడ్. గాజునార కలిపిన నైలాన్ సోల్, క్లీట్ ఉన్న భాగంలో మాత్రం గట్టి ప్లేటు, ముందు వేళ్ల దగ్గర కాస్త వంగుతుంది. కింద మొత్తం రబ్బరు. ఒక డయల్, ఒక వెల్‌క్రో పట్టీ. క్లీట్‌తో 403 గ్రాములు. కంపెనీలు వేసే గట్టిదనం అంకె పాత జతకన్నా తక్కువ. పెడల్ మీద ఆ తేడా నా కాళ్లకు తెలియలేదు. క్లీట్ కింద వంగకపోతే చాలు, వేళ్ల దగ్గర వంగితే నష్టం లేదు, లాభమే.

350 మీటర్ల ముక్క: 6 నిమిషాల 5 సెకన్లు. మడమ లేవడం 5 మి.మీ.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. పెడల్‌లోకి క్లిప్ అవడం లేదు. కాలితో తన్నినంత పని చేస్తేనే టక్కుమంటోంది. పెడల్‌కు చుట్టూ చిన్న పంజరం ఉంది. క్లీట్‌కు రెండు పక్కలా ఉన్న గ్రిప్పు గుబ్బలు ముందే ఆ పంజరానికి తగులుతున్నాయి, క్లీట్ కిందిదాకా దిగడం లేదు. క్లిప్ చేసి గుబ్బకూ పంజరానికీ మధ్య కాగితం ముక్క దూరిస్తే కదల్లేదు. కాగితం కొంచెం రాసుకుంటూ జారాలి.

రెండు దారులున్నాయి. క్లీట్ కింద పలచని ప్లేటు పెట్టి ఎత్తడం, లేదా గుబ్బలు కోయడం. ఎత్తితే నడిచేటప్పుడు క్లీట్ రాయికి తగులుతుంది. అందుకే కోశాను. కటర్ బ్లేడుతో కాగితమంత పొరలు తీస్తూ, 80 నంబరు గరుకు కాగితంతో రుద్దుతూ, ప్రతి పొరకూ క్లిప్ చేసి చూస్తూ వెళ్లాను. ఒక్కో గుబ్బ నుంచి 1 మి.మీ. పోయింది. ఎడమ షూ లోపలి గుబ్బకు మాత్రం 1.5 తీయాల్సి వచ్చింది. కోసిన రబ్బరు తిరిగి రాదు కాబట్టి ఈ పనిలో తొందర వద్దు.

ఇప్పటికి ఖర్చు: 6,440 + 13,400 + బ్లేడు, గరుకు కాగితం 45 = 19,885.

దశ 5: నీళ్లు

వాగు దాటితే షూ తడుస్తుంది, ఆపలేం. ఎంత త్వరగా నీళ్లు వదులుతుందన్నదే లెక్క. చాలామంది క్లీట్ బోల్టుల గాడి లోపల టేపు అంటించి నీళ్లు రాకుండా మూస్తారు. రెండు విధాలా చూశాను. బకెట్‌లో ఒక నిమిషం ముంచి, తర్వాత ఐదు నిమిషాలు నడిచి, ఒక గంట తొక్కాను.

టేపుతో: పొడిగా 403, నడిచాక 545, గంట తర్వాత 451.
టేపు లేకుండా: పొడిగా 403, నడిచాక 488, గంట తర్వాత 438.

మోకాలి లోతు నీళ్లలో దిగితే నీరు వచ్చేది పైనుంచి, చీలమండ దగ్గరి నుంచి. కింద గాడి మూసేస్తే లోపలికి వచ్చింది బయటకు పోయే దారి ఉండదు. టేపు తీసేశాను. తడి రోడ్డు మీద, చలిలో తొక్కేవాళ్లకు టేపు మంచిదే. వాగుల దారికి వద్దు.

ఖర్చు లేదు.

దశ 6: ఇన్‌సోల్, సాక్సులు

షూతో వచ్చిన ఇన్‌సోల్ పలచని స్పాంజి, పాదం వంపు కింద ఖాళీ. వంపుకు ఆనిక ఉన్నది మార్చాను. బరువు 14 గ్రాములు పెరిగి 417 అయింది. నాలుగున్నర గంటల దగ్గర మిగిలిన మంట ఐదున్నరలో కూడా రాలేదు. అయితే మందమైన ఇన్‌సోల్ షూ లోపలి ఎత్తును తినేస్తుంది. మార్చగానే డయల్ రెండు క్లిక్కులు వదలాల్సి వచ్చింది. ఇరుకు షూలో ఇదే పని చేస్తే ఇంకా ఇరుకవుతుంది.

సాక్సులు: నూలువి వద్దు, తడిస్తే అలాగే ఉంటాయి. పలచని మెరీనో ఉన్ని సాక్సులు రెండు జతలు.

ఇప్పటికి ఖర్చు: 1,600 + 900 కలిపి 22,385.

దశ 7: ముందు రబ్బరు ఊడింది

కుడి షూ ముందు, బొటనవేలి దగ్గర రబ్బరు అంచు రెండు సెంటీమీటర్ల మేర విడిచింది. తోసుకుంటూ ఎక్కేటప్పుడు రాళ్లకు తగిలేది ఆ అంచే. ఫెవిక్విక్ లాంటి జిగురు వేద్దామని ఒక రైడర్ సలహా ఇచ్చాడు. అది ఎండాక గాజులా పెళుసవుతుంది, వంగే చోట నిలవదు. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను.

ఆయన షూను ఒళ్లో బోర్లించి, ఊడిన అంచును వేలితో తెరిచి లోపల చూశాడు. "పాత గమ్ము మీద కొత్త గమ్ము పట్టదు బాబూ, ముందు గీకాలె" అన్నాడు. అరగ్గంట పనిలో ఎక్కువ భాగం గీకడమే. ఆకురాయితో రెండు వైపులా తెల్లటి గరుకు తేలేదాకా రుద్దాడు. పెట్రోలు గుడ్డతో తుడిచాడు. జిగురు రెండు వైపులా పలచగా రాసి పక్కన పెట్టాడు. నేను అంటించబోతే చెయ్యి ఆపాడు. వేలి వెనకభాగం ఆనిస్తే అంటుకోకుండా, జిగటగా మాత్రం తగిలినప్పుడు నొక్కి, సుత్తితో అంచంతా కొట్టాడు. ఆపైన అంచు పొడవునా మందపు నైలాన్ దారంతో కుట్టు. రాత్రంతా కాలు పెట్టొద్దన్నాడు. ఎడమ షూ ఊడకపోయినా దానికీ కుట్టు వేయించాను. ఆ కుట్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

ఇప్పటికి ఖర్చు: 120 కలిపి 22,505.

దశ 8: రేగడి, మేకులు, డయల్

వానాకాలం కొండ కింద రేగడిలో ఒక ఉదయం. గుబ్బల మధ్య సందులన్నీ బంకమట్టితో మూసుకుపోయి సోల్ చదునైంది. షూ ముందు కొసన ఉన్న ఎం5 (5 మి.మీ.) మరల గుంతల్లో స్టీలు మేకులు బిగించి చూశాను. తడి గడ్డి మీద, మట్టి గట్ల మీద పట్టు బాగా దొరికింది. ఒట్టి రాతి మీద అవే మేకులు కీచుమంటూ జారాయి. నా రేసు దారిలో రాయి ఎక్కువ కాబట్టి మేకులు బ్యాగులో ఉంటాయి, షూకు ఉండవు. ఖాళీ గుంతల్లో మట్టి చేరి మరలు పాడవకుండా పొట్టి బోల్టులు గ్రీజుతో బిగించాను.

అదే రోజు కుడి డయల్ మట్టితో బిగుసుకుపోయి తిరగలేదు. సీసాలో నీళ్లు ధారగా పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చింది. అప్పటినుంచి బ్రష్ బ్యాగులో ఉంది. డయల్, తీగ కలిసిన విడి కిట్ కూడా కొన్నాను. కొండల్లో తీగ తెగితే ఆ షూ ఇక కాలికి నిలవదు. ఇంట్లోనే ఒకసారి విప్పి మళ్లీ ఎక్కించి నేర్చుకున్నాను. తీగ తిరిగే దారిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇప్పటికి ఖర్చు: మేకులు 350, కిట్ 1,100. మొత్తం 23,955.

దశ 9: బరువు లెక్క

చాలామంది అడిగేది ఇదే కాబట్టి విడిగా రాస్తున్నాను. కార్బన్ జతతో పోలిస్తే ఇప్పుడున్నది ఒక్కో షూకు 70 గ్రాములు, జతకు 140 గ్రాములు ఎక్కువ. నేను, సైకిల్, నీళ్లు కలిపి 85 కిలోలు. నిటారు ఎక్కుడులో పట్టే సమయం దాదాపు మొత్తం బరువును బట్టే ఉంటుంది. 140 గ్రాములంటే అందులో 0.16 శాతం. రెండు గంటల ఎక్కుడులో సుమారు 12 సెకన్లు.

సైకిల్ తోసిన 350 మీటర్ల ముక్కలో ఈ షూ మిగిల్చింది 65 సెకన్లు. తిమ్మిరి తట్టుకోలేక ఆగి షూ విప్పి వేళ్లు నలుపుకునే సమయం ఈ లెక్కలో లేదు. ఎక్కడా దిగాల్సిన పనిలేని గంటన్నర రేసు అయితే నేను కూడా కార్బన్ జతే వేసుకుంటాను. పొడవైన కొండ రేసుకు నా వరస ఇది: వెడల్పు, మడమ పట్టు, పాదం వంపు కింద రబ్బరు, ఆ తర్వాతే గట్టిదనం, బరువు.

ఇప్పుడున్న అమరిక

షూ 42 వైడ్, ఒక్కోటి 417 గ్రాములు. క్లీట్ ఎస్‌హెచ్51, కణుపుల గీతకు 7 మి.మీ. వెనక. సీటు 3 మి.మీ. కిందికి. గుబ్బలు కోసినవి. టేపు లేదు.

బ్యాగులో: 4 మి.మీ. అలెన్ కీ, రెండు విడి క్లీట్ బోల్టులు, టూత్‌బ్రష్, డయల్ కిట్, మేకులు, పొడి సాక్సులు ఒక జత.

మిగిలిన పనులు:

1. ఎడమ క్లీట్ ముందు అంచు అరుగుతోంది. రేసుకు మూడు వారాల ముందు కొత్తది వేసి, పాత మార్కర్ గీతల్లోనే కూర్చోబెట్టి, 50 కి.మీ. తర్వాత బోల్టులు మళ్లీ బిగించాలి.
2. చలిలో పాదం కొలత ఇంకా తీయలేదు. ఎత్తులో తెల్లవారుజామున మొదలుపెడితే వాపు తక్కువ ఉండాలి, డయల్ ఎన్ని క్లిక్కులు ఎక్కువ తిప్పాలో చూడాలి.
3. వరసగా మూడు రోజులు తొక్కి, ప్రతి సాయంత్రం చుట్టుకొలత రాయాలి. మూడో రోజు 262 మి.మీ. దాటితే ఇంకా పలచని సాక్సులకు మారతాను.